ఎవాల్ద్ చేతి తాడు

తోగర్ సరంగు ఆ ఉదయం మా వలల షెడ్డులోకి వచ్చి, అందరూ కాఫీ తాగుతున్న బల్ల మీద ఒక ఖాళీ ఇనుప కడియం పెట్టాడు.

"దీనికి ఉండాల్సిన తాడు సముద్రం అడుగున ఉంది," అన్నాడు. "దాంతో పాటు నా తలుపు కూడా."

నీళ్లలో వల నోరు తెరుచుకుని ఉండాలంటే దానికి రెండు పక్కలా రెండు బరువైన ఇనుప తలుపులు లాగుతూ ఉండాలి. అందులో ఒకటి పోతే ఆ పడవకి ఆ వారం చేపలు లేనట్టే. మేస్త్రీ వెర్నర్ కడియాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. ఖాళీ కడియంలో చూడటానికి ఏముంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

"ఆ జత ఎవరిది?" అన్నాడు.

"నాదే," అన్నాడు ఎవాల్ద్.

ముడి వేయకుండా, తాడు కొసను మళ్లీ తాడు కడుపులోకే పంపి ఉచ్చులాంటి కన్ను చేయడాన్ని మేం జత అంటాం. ఆ తాడుకి రెండు కొసలా కన్ను వేసింది ఎవాల్దే. జత జారింది, తలుపు పోయింది, జత వేసినవాడు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అందరికీ సరిపోయింది. ఎలా జారిందని అడిగినవాడు లేడు. కాఫీ అయ్యాక వెర్నర్ లేచి, ఎవాల్ద్ బల్ల మీదున్న తెల్ల తాడు చుట్టను ఎత్తుకెళ్లి వేరే బల్ల మీద పెట్టాడు. అంతే.

మా రేవులో ఎవర్నీ తిట్టరు. తిట్టాలంటే మాట్లాడాలి గదా. యూట్లాండ్ పడమటి ఒడ్డున పుట్టినవాడికి అది గాలికి ఎదురు నడవడం కన్నా కష్టం. అందుకని పని ఇవ్వడం మానేస్తారు. ఆ రోజు నుంచి ఎవాల్ద్ పాత వలల్లోంచి వలను నీళ్లలో తేల్చే తేలు బిళ్లలు విప్పి, రంగుల వారీగా డబ్బాల్లో వేసేవాడు. నేను పక్క బల్ల దగ్గర చిరుగులు కుడుతూ ఉండేవాణ్ని. షెడ్డులో అందరూ అతనితో గాలి గురించి మాట్లాడేవారు, చేపల రేటు గురించి మాట్లాడేవారు. తాడు మాట మాత్రం ఎత్తేవారు కాదు. అది మర్యాద అని వాళ్ల ఉద్దేశం.

ఎవాల్ద్‌కి సముద్రం పడదు. పడవ ఎక్కితే రేవు దాటకముందే కడుపులోది బయటికి వస్తుంది. చేపల ఊళ్లో పుట్టి పడవ ఎక్కలేనివాడికి మిగిలేది వలల షెడ్డే. పదహారేళ్లకే అందులో చేరాడు. మొదట ఇనుప తీగలు. వాటి గుర్తులు అరచేతుల నిండా ఉన్నాయి. తర్వాత నైలాను. ఆ తర్వాత ఈ తెల్ల తాడు వచ్చింది. సన్నగా, తేలిగ్గా, నీళ్ల మీద తేలుతూ, అదే లావు ఇనుప తీగ మోసే బరువుని మోసేది. కానీ జారుడు. చేతిలో పట్టుకుంటే సబ్బు పూసిన మలుగుపాములా ఉంటుంది. ముడి వేస్తే ముడి తనంతట తానే మెల్లగా విప్పుకుంటుంది. షెడ్డులో ఎవరికీ అది నచ్చలేదు. ఎవాల్ద్ ఒక్కడే దాన్ని ఇంటికి తీసుకెళ్లి, వంటగది బల్ల మీద పెట్టుకుని, దాని గుణం తెలుసుకున్నాడు. లోపల బోలుగా అల్లిన ఈ తాడుకి పీచు పట్టు లేదు, కడుపు పట్టే ఉంది. బరువు పడ్డప్పుడు పై అల్లిక బిగిసి లోపలి కొసను నొక్కి పట్టుకుంటుంది. కాబట్టి కొసను లోపలికి చాలా దూరం పంపాలి. పంపేముందు కొసలోంచి ఒక్కో పేట తీసేస్తూ ఎలుక తోకలా సన్నం చేయాలి. చివర్న దారంతో నాలుగు కుట్లు వేయాలి. అంతే. అందులో మాయ ఏమీ లేదు, ఓపిక కావాలి. మిగతావాళ్లకి చేతులున్నాయి గాని ఓపిక లేదు.

తేలు బిళ్లల పని ఒక చలికాలమంతా చేశాడు. వసంతం రాగానే మానేశాడు. "ఎరుపూ పసుపూ వేరు చేయడం నాకు వచ్చేసింది," అన్నాడు వెర్నర్‌తో. వీడ్కోలు అంటే అదే.

మా ఊరి వెనక ఇసుక మేటలు ఎగిరిపోకుండా ఎప్పుడో నాటిన పైన్ తోట ఉంది. చెట్లన్నీ గాలికి తూర్పు వైపు వంగి ఉంటాయి. వారాంతాల్లో దూరపు ఊళ్ల నుంచి కుర్రకారు వచ్చి, రెండు చెట్ల మధ్య గుడ్డ ఊయల కట్టుకుని అందులోనే రాత్రంతా పడుకుంటారు. నేలంతా ఉండగా గాల్లో పడుకోవడమేమిటని ఊళ్లో వాళ్లు నవ్వుతారు. ఎవాల్ద్ కుక్కను తిప్పడానికి ఆ దారినే వెళ్లేవాడు. ఒకరోజు అతను చూస్తుండగానే ఒక అమ్మాయి ఊయలతో సహా కింద పడింది, నేరుగా పైన్ కాయల మీద.

"దెబ్బ తగిలిందా?" అన్నాడు.

"పరువుకి తగిలింది," అందా అమ్మాయి వెనక తడుముకుంటూ. "చూసింది నువ్వొక్కడివేగా?"

"కుక్క కూడా చూసింది."

"ఎవరికీ చెప్పొద్దని దానికి చెప్పు."

ఆ అమ్మాయి పేరు సీనె. విబోర్ ఊళ్లో బస్సు నడుపుతుంది. ఎవాల్ద్ ఊయల తాడు అందుకుని చూశాడు. అదే తెల్ల తాడు, వేలి కన్నా సన్నం.

"ఇన్ని ముళ్లు ఎవరు వేశారు?"

"నేనే. మొదటిది జారింది, ఇంకోటి వేశాను. అదీ జారింది, దాని మీద ఇంకోటి వేశాను."

"పొద్దుగూకేదాకా వేసినా ఇంతే. ఇది ముడికి లొంగే తాడు కాదు. ఎంత పొడవు కావాలో చెప్పు, కన్ను వేసిస్తాను."

"అదే గదా నా బాధ! ఇవాళ ఒక చెట్టు, రేపు ఇంకో చెట్టు. ఒకచోట దూరం, ఒకచోట దగ్గర. పొడవు నేనెలా చెప్పను?"

తోటివాళ్ల దగ్గర పెంచి తగ్గించుకునే రకం ఉంటుందని తన ఫోనులో బొమ్మ చూపించింది. ఎవాల్ద్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తాడు కొస తన కడుపులోకే దూరి, కొంత దూరం పోయి, మళ్లీ బయటికి వచ్చింది. మధ్యలో ఒక పెద్ద ఉచ్చు. బయటికి వచ్చిన కొసను లాగితే ఉచ్చు చిన్నదవుతుంది. కడుపు భాగాన్ని పోగు చేసి వదులు చేస్తే పెద్దదవుతుంది. మనిషి బరువు పడగానే ఎక్కడున్నది అక్కడే బిగుసుకుంటుంది.

"మలుగుపామును మలుగుపాము మింగినట్టుంది," అన్నాడు ఎవాల్ద్. "సగం మింగి ఆలోచనలో పడ్డట్టుంది. రేపు రా."

మరునాటికి ఆ జత తయారైంది. మా షెడ్డులో పాత పద్ధతి ఒకటుంది. పడవ స్తంభం పైకి మనిషిని ఎక్కించే కుర్చీకి తాడు ఎవరు కడితే వాడే ముందు అందులో కూర్చోవాలి. వాడు దిగాకే ఇంకొకడు ఎక్కుతాడు. ఎవాల్ద్ ఆ పద్ధతిని వదల్లేదు. తన కొట్టంలో రెండు గుంజలు పాతి, సీనె ఊయల కట్టి, తనే ముందు పడుకున్నాడు. భార్య కెత్తి కాఫీ తెచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఎవాల్ద్, పనికి పోనంటే పోనన్నావు గాని ఇదేంటి?"

"ఇదే పని."

"ఎంతసేపు చేస్తావు ఈ పని?"

"నిద్ర పట్టేదాకా చూడాలి. లేకపోతే తాడు సంగతి తెలీదు."

సీనె వెంట ఇంకొకరు వచ్చారు, వాళ్ల వెంట ఇంకొందరు. వేసవి అయ్యేసరికి తోటకి వచ్చేవాళ్లు ముందు ఎవాల్ద్ కొట్టం దగ్గర ఆగడం అలవాటైంది. కొందరికి తాళ్లు కట్టిచ్చాడు, కొందరికి కట్టడం నేర్పాడు. వాళ్లకి కెత్తి నల్లటి రై రొట్టె మీద ఊరబెట్టిన హెర్రింగ్ చేప పెట్టేది. వాళ్లు వచ్చేటప్పుడు జున్నో, పళ్లో తెచ్చేవారు. నేను షెడ్డు నుంచి వెళ్తూ అక్కడ ఆగేవాణ్ని. నాకు ఊళ్లో కూర్చోబుద్ధయ్యే చోటు అదొక్కటే. కొట్టం నిండా తెల్ల తాడు ముక్కలు, తీసేసిన పేటలు మంచులా నేల మీద. ఎవాల్ద్ దబ్బనంతో కొసను నడిపిస్తూ సన్నగా ఈల వేసేవాడు. షెడ్డులో అతను ఈల వేయగా నేనెప్పుడూ వినలేదు.

అలాగని అంతా బాగుందని కాదు. విబోర్ నుంచి, ఓర్హుస్ నుంచి వచ్చినవాళ్లు అతని తాళ్ల మీద హాయిగా నిద్రపోయేవారు. మా రేవు మనిషి ఒక్కడూ మాత్రం వాటి మీద బరువు వేయలేదు. పక్కింటి ఆవిడని కెత్తి ఎన్నిసార్లు పిలిచినా "నా నడుముకి పడదులే" అనేది. ఆవిడ నడుము ఉల్లాసంగా డాన్సులకి వెళ్లే నడుము. చర్చి కప్పుకి రంగు వేసినప్పుడు కుర్చీ తాళ్లు పక్క రేవు నుంచి తెప్పించారు. ఆ రోజు ఎవాల్ద్ ఈల వేయలేదు.

"వాళ్లకి పట్నం పిల్లలు పడితే ఫరవాలేదు, తాము పడకూడదు," అన్నాడు. "దూరం నుంచి వచ్చినవాళ్లకి నా సంగతి తెలీదు. తెలిసినవాళ్లలో ఒక్కడు పడుకుంటే చాలు నాకు."

మళ్లీ దబ్బనం అందుకుని కొసను నడిపించడం మొదలుపెట్టాడు.

గాలులు మొదలైన కాలంలో మరో పడవ వలకి తోగర్ పోగొట్టుకున్న తలుపు తగిలింది. నాచు పట్టి, నత్తలు అంటుకుని, తాడుతో సహా పైకి వచ్చింది. రేవు గట్టు మీద దించారు. పని వదిలేసి అందరం వెళ్లాం. తాడు ఒక కొసన తలుపుకి తగిలించిన కన్ను ఉంది. అది చెక్కుచెదరలేదు. ఆ కన్ను ఎవాల్ద్ చేతిది, కుట్లు కూడా అలాగే ఉన్నాయి. రెండో కొస, జారిపోయిన కొస, మొండిగా ఉంది. చివర నల్లగా కాలి, గోరంత గట్టి ముద్దగా ఉంది.

నైలాను తాడు పీచు లేవకుండా కొస కాల్చడం మావాళ్లందరికీ అలవాటు. జేబులో లైటరు లేని జాలరి లేడు. కానీ తెల్ల తాడుకి ఎవాల్ద్ ఎప్పుడూ కొస కాల్చడు. కాల్చిన కొసను సన్నం చేయడం కుదరదు. ఎవరో పడవ మీద ఈ కొసన ఉన్న ఎవాల్ద్ కన్ను విప్పి, తాడు కోసి, లైటరుతో కాల్చి, నైలానుకి వేసినట్టు జానెడు లోపలికి దూర్చారు. అక్కడున్న ప్రతివాడికీ అది అర్థమైంది.

తోగర్ తాడు కొస చూశాడు. వెర్నర్ చూశాడు. తోగర్ అల్లుడు కెల్ద్, అతని పడవలోనే పనిచేసేవాడు, అతనూ చూశాడు.

"గాలి పెరుగుతోంది," అన్నాడు తోగర్.

"పెరుగుతోంది," అన్నాడు వెర్నర్.

అందరూ ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు.

నేను ఆ కొసను కోసి జేబులో వేసుకుని, సైకిలెక్కి ఎవాల్ద్ ఇంటికి వెళ్లాను. అతను కొసను బొటనవేలితో తడిమాడు. ఆశ్చర్యపోలేదు.

"కెల్ద్ పని," అన్నాడు. "లైటరు తియ్యకుండా వాడు ముక్కు కూడా చీదుకోడు."

"నీకు ముందే తెలుసా?"

"నా జత జారదని తెలుసు. జారిందంటే అది నాది కాదు. పడవలో తాళ్ల పని చూసేది వాడు."

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"తాడు సముద్రం అడుగున ఉంది. చూడకుండా వాడి మీద తప్పు వేస్తే, చూడకుండా నా మీద వేసినవాళ్లకీ నాకూ తేడా ఏంటి?"

"ఇప్పుడు చూశావు గదా! పద, షెడ్డుకి వెళ్దాం. ఆ కాఫీ బల్ల మీదే పెడదాం దీన్ని."

"ఇప్పుడు కెత్తి భోజనానికి పిలుస్తోంది," అన్నాడు ఎవాల్ద్. "నువ్వూ తిను. కోపంగా ఉన్నప్పుడు ఉల్లిపాయ ఎక్కువ వేసుకో."

మేమింకా తింటుండగానే బయట కారు ఆగింది. నేను కొస పట్టుకెళ్లడం చూశాడు కాబోలు, కెల్ద్ తలుపు కొట్టకుండానే లోపలికి వచ్చాడు. ఎద్దంత మనిషి, గుమ్మం నిండిపోయింది.

"నా గురించి ఏం చెప్పుకుంటున్నారు మీరు?"

"హెర్రింగ్‌లో ఉప్పు ఎక్కువైందని చెప్పుకుంటున్నాం," అన్నాడు ఎవాల్ద్. "కూర్చో."

"కూర్చోను. ఆ కొస కాల్చింది నేనే. కాదనను. తాడు పొడవైంది, పడవ మీదే కురచ చేశాను. మా నాన్న కాల్చాడు, మా తాత కాల్చాడు. బాగా కాల్చిన కొస జారదు. జారిందంటే తాడే చెడ్డది. ఆ తాడు మా నెత్తిన పెట్టింది నువ్వు!"

"నిజమే కావచ్చు," అన్నాడు ఎవాల్ద్. ఆ మాటతో నాకు ఒళ్లు మండింది. అతను నిదానంగా చేతులు తుడుచుకుని లేచాడు. "కొట్టంలోకి రా. అదే తాడు ఉంది. ఆ రోజు ఎలా వేశావో అలాగే వెయ్యి."

కెల్ద్ వేశాడు. వేగంగానే వేశాడు, చేతకానివాడేం కాదు. కోసి, లైటరు వెలిగించి, నల్ల ముద్దను వేళ్లతో నొక్కి, జానెడు లోపలికి దూర్చాడు. ఎవాల్ద్ దాన్ని ఊయలకి తగిలించి గుంజకి కట్టాడు. రెండో పక్క తను కట్టిన తాడు కట్టాడు.

"ఇప్పుడేంటి?" అన్నాడు కెల్ద్.

"వేసినవాడే ముందు."

ఆ పద్ధతి కెల్ద్‌కి తెలుసు. కాదనడానికి వీల్లేదు. ఎవాల్ద్ మూలనున్న పాత వల కుప్పను కాలితో ఊయల కిందికి నెట్టాడు.

"అదెందుకు?"

"ఎప్పట్నుంచో ఆ మూల ఊడవాలనుకుంటున్నా."

కెల్ద్ పడుకున్నాడు. తాళ్లు బిగిశాయి. గుంజలు కిర్రుమన్నాయి. ఏమీ కాలేదు. అతను తల కింద చేతులు పెట్టుకుని నవ్వాడు.

"చూశావా?"

"చూస్తున్నా," అన్నాడు ఎవాల్ద్.

ఇతను పడకపోతే ఎవాల్ద్ ఈ రేవులో ఇక తలెత్తలేడు. కెల్ద్ వెళ్లి షెడ్డులో ఏం చెబుతాడో నాకు తెలుసు. ఎవాల్ద్ మాత్రం గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

కెత్తి కాఫీ తెచ్చింది. "కెల్ద్, పంచదార వేయనా?"

"వెయ్యి," అని అతను కప్పు కోసం పైకి లేచాడు. బరువు ఒక్క క్షణం తాడు మీంచి పోయింది. మళ్లీ వెనక్కి వాలాడు. తాడు చప్పుడు చేయలేదు. ఆ నల్ల ముద్ద ఉన్న చోట అల్లిక కొంచెం ఉబ్బింది, ఆ ఉబ్బు వేలెడు ముందుకి కదిలింది. అతను చూడలేదు. గుక్క తాగి కప్పు ఇవ్వడానికి మళ్లీ లేచాడు. మళ్లీ వాలాడు. ఇంకో వేలెడు.

"ఏమన్నావు ఇందాక, తాడు చెడ్డ..." అంటుండగా కొస సుతారంగా బయటికి వచ్చేసింది. తల వైపు నుంచి దబ్బున వల కుప్పలో పడ్డాడు, కాళ్లు గాల్లో ఉండిపోయాయి. రెండో పక్క తాడు వాటిని పట్టుకునే ఉంది.

"ఒక చెంచా వేశాను," అంది కెత్తి. "రెండా?"

కెల్ద్ వలలోనే కూర్చుని ఆ కొసను చేతిలోకి తీసుకుని నల్ల ముద్దను బొటనవేలితో నొక్కి చూశాడు.

"ఆ రోజు పెద్ద అలలు కూడా కావు," అన్నాడు. "పడవ లేస్తోంది, పడుతోంది. లాగుతోంది, వదులుతోంది."

"అవును. బరువు ఉన్నంతసేపూ పట్టుకునే ఉంటుంది ఇది. వదిలి మళ్లీ పట్టినప్పుడల్లా కాస్త కాస్త జారుతుంది."

"నేను నీ పేరు చెప్పలేదు, ఎవాల్ద్. కానీ అందరూ తప్పు నీదే అనుకున్నప్పుడు నోరు మూసుకున్నాను."

"తెలుసు. కాఫీ తాగు, చల్లారిపోతోంది."

మరునాడు కాఫీ వేళకి కెల్ద్ మా షెడ్డుకి వచ్చి, అందరి ముందు నిలబడి, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాడు. వలలో పడటం కూడా దాచలేదు. ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు, కెల్ద్ కూడా. ఒక మనిషిని చలికాలమంతా తేలు బిళ్లల దగ్గర కూర్చోబెట్టిన వ్యవహారం అలా నవ్వుతో తేలిపోయింది. నేను మాత్రం నవ్వలేదు. ఎవాల్ద్‌ని తిరిగి రమ్మని వెర్నర్ నాతోనే కబురు పంపాడు. తనే వెళ్లొచ్చు గదా, రేవు అవతల మూడు వీధులు. ఎవాల్ద్ షెడ్డులో మళ్లీ చేరలేదు. పెద్ద తాళ్లు మాత్రం తన కొట్టానికి పంపితే వేసిస్తానన్నాడు. అలాగే పంపుతున్నారు.

నేను ఎస్బియర్‌లో పని చూసుకుని ఊరు వదిలి వెళ్లిపోయే ముందు అతన్ని చూడటానికి వెళ్లాను. కొట్టం బయట ఎండలో కూర్చుని ఒక కొసలోంచి పేటలు లాగుతున్నాడు. ఉండబట్టలేక అడిగేశాను.

"తోగర్ సరంగు వచ్చాడా ఇక్కడికి? క్షమించమని అడిగాడా?"

"మొన్న ఆదివారం వచ్చాడు."

"ఏమన్నాడు?"

ఎవాల్ద్ పేటను గాలికి వదిలేసి నవ్వాడు.

"ఏమీ అనలేదు. కెల్ద్ కూతుర్ని, తన మనవరాల్ని వెంటబెట్టుకొచ్చాడు, నడక కూడా సరిగ్గా రాని పిల్ల. ఎత్తి నా ఊయల్లో పడుకోబెట్టాడు. పెట్టి, బయటికి వచ్చి, ఇదిగో ఇక్కడ, నువ్వు కూర్చున్న చోటే కూర్చుని పైపు ముట్టించాడు. అది కాలినంతసేపూ బంగాళాదుంపల గురించి మాట్లాడాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఇంకేం అనాలి చెప్పు?"